మూడో వంతు జావ

“ఈ డబ్బాను వెనక్కి తీసుకుంటారా, వంతెన మీది నుంచి నదిలో పడేయమంటారా?”

కొట్టు తలుపు పూర్తిగా తెరుచుకోకముందే ఆ మాట లోపలికి వచ్చింది. దాని వెనక బ్లాంకా వచ్చింది. వానకు తడిసిన జుట్టు. చేతుల్లో, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు, కిందటి నెల నేను అమ్మిన కరెంటు బీరు యంత్రం.

పీసెక్ ఊళ్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు పదకొండేళ్లుగా సామాన్లు అమ్ముతున్నాను. అరుస్తూ వచ్చినవాళ్లు లాభం, చెప్పకుండా పోయినవాళ్లు నష్టం అన్నది నా లెక్క. కానీ ఆమె మొహంలో ఉన్నది కోపం కాదు. భయం.

“ఏమైందండీ?”

“మధ్యలో ఆగిపోయింది. ఇల్లంతా మాడు కంపు. అన్నీ ఒక్క పాత్రలోనే అయిపోతాయి, మరిగేది ఏదీ మోయక్కర్లేదు, మీట నొక్కితే చాలు అన్నది మీరే కదా!”

“నేనే.”

“మా నాన్నకు చేతులు వణుకుతాయి. చలికాలంలో మరిగే కుండ కాలి మీద ఒలకబోసుకుని మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. అందుకే ఇది కొన్నాను. ఇప్పుడు ‘చూశావా, నా పాత కుండే నయం’ అంటున్నాడు.”

ఆమె నాన్న లుబోర్ ముప్పై నాలుగేళ్లు బీరు కర్మాగారంలో కాచే పనికి పెద్ద మాస్టారు. బీరు రుచి తేల్చడంలో ఊళ్లో ఆయన నాలుకకు ఎదురు లేదు.

యంత్రాన్ని బోర్లించాను. అతిగా వేడెక్కితే ఆపేసే మీట పైకి లేచి ఉంది. నొక్కితే టక్కుమంది. యంత్రంలో లోపం లేదు. తరవాత లోపలికి తొంగిచూశాను. అడుగున నల్లటి మాడు, అందులో మాల్టు నూక, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ రవ్వ.

ఆ నూకను వేలితో గీకి చూశాను.

మాల్టు జల్లెడ బుట్టలోనే ఉండాలి. కిందికి దిగేది రసం ఒక్కటే. నూక అడుగుకు చేరిందంటే ఎవరో ఆ మాల్టు జావను బయటికి తోడి, తిరిగి పోసేటప్పుడు పక్కకు ఒలకబోశారు. మా దేశంలో పాత బీరు మాస్టార్లందరిదీ ఒకటే పట్టుదల. జావలో మూడో వంతు తీసి, విడిగా పొయ్యి మీద మరిగించి, మళ్లీ కలిపితేనే బీరు.

“అప్పుడు మీరు ఇంట్లో ఉన్నారా?”

“లేను. మూడో నంబరు బస్సు నడుపుతాను. డ్యూటీలో ఉన్నాను. ఏం?”

ఆమె లేనప్పుడు మాస్టారు మళ్లీ మరిగే కుండ ఎత్తుతున్నాడని అప్పుడే చెప్పేయాల్సింది. చెబితే ఆమె వంటింటికి తాళం వేస్తుంది, యంత్రం అమ్మేస్తుంది, నా కొట్టు గడప మళ్లీ తొక్కదు. చెప్పకపోతే? ఒక్క క్షణంలో బేరం తేల్చుకున్నాను.

“తప్పు నాదే. జల్లెడ సరిగ్గా బిగించకుండా ఇచ్చాను. శనివారం మధ్యాహ్నం నేనే వచ్చి కాచి చూపిస్తాను.”

ఆమె మొదటిసారి నవ్వింది. “తప్పు ఒప్పుకునే వర్తకుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.”

మాడు తోమి యంత్రం ఇచ్చి పంపాను. ఆ నవ్వు నా వర్తకంలో అన్నిటికన్నా చెడ్డ బేరమని సాయంత్రానికే తెలిసింది. అంబులెన్సు కూత వినబడితే బీరుకు చేదునిచ్చే హాప్ పూలు తూస్తున్న చెయ్యి ఆగిపోయేది. రోజూ మూడో నంబరు బస్సు కొట్టు ముందు నుంచి పోతూ చిన్నగా హారన్ కొట్టేది. నేను చెయ్యి ఊపేవాణ్ణి, తల ఎత్తకుండా.

శనివారం మధ్యాహ్నం దాకా ఆగలేకపోయాను. పదింటికే వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆవిరి.

బల్ల మీద యంత్రం బుద్ధిగా గుర్రుమంటోంది. పొయ్యి ముందు లుబోర్ మాస్టారు, రెండు చేతులతో కుండ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. మరిగే జావ అంచు దాకా వచ్చి వెనక్కి పోతోంది, మళ్లీ వస్తోంది. ఆయన కాళ్లకు చెప్పులైనా లేవు.

అరిస్తే ఉలిక్కిపడతాడు. మెల్లగా పక్కకు చేరి, కుండ చెవులు పట్టుకున్న ఆయన వేళ్ల మీద నా చేతులు వేశాను.

“మాస్టారూ, బరువు నాకివ్వండి.”

“తప్పుకోవయ్యా.”

“తప్పుకోను.”

నాలుగు చేతులతో బుట్టలోకి పోశాం. ఒక్క గింజ పక్కన పడలేదు. తల తిప్పితే గుమ్మంలో బ్లాంకా, బస్సు యూనిఫాంలో. నాకోసమని డ్యూటీ మార్చుకుని ముందే వచ్చిందట.

“ఏం చేస్తున్నారు ఇద్దరూ?”

“ఆ రోజు అడుగంటింది కూడా ఇందుకేనండీ,” అన్నాను. “నాకు తెలుసు. అబద్ధం చెప్పాను.”

ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “తెలిసి కూడా వారమంతా ఆయన్ని ఈ పొయ్యి దగ్గర వదిలేశారా?”

“చెబితే మీరు మళ్లీ రారేమోనని...”

“అందుకని మా నాన్న కాళ్లు పందెం పెట్టారా?”

ఖాళీ కుండను పొయ్యికి దూరంగా నేల మీద దించాను.

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. “అతన్ని అనకే. దొంగను నేను. మీట నొక్కి కూర్చోవడానికా ముప్పై నాలుగేళ్లు పని నేర్చుకున్నాను? ఆ డబ్బాకు నాతో ఏం పని చెప్పు?”

బ్లాంకా ఆయన కాలి మీది మచ్చ వైపు చూస్తూ నిలబడింది.

“కుండ ముట్టకు నాన్నా. ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు పొయ్యాలో నువ్వు చెప్పు. ఆ ముక్క డబ్బాకు తెలియదుగా.”

“మరి మోసేదెవరు?”

“ఈయన. ప్రతి శనివారం. అదే శిక్ష.”

“శనివారమే నాకు గిరాకీ ఎక్కువ,” అన్నాను అలవాటుకొద్దీ. నాలుక కరుచుకున్నాను.

“అయితే రావద్దు.”

“వస్తాను. కొట్టు మూసేసి వస్తాను. కుండ కోసం కాదు, మాస్టారి కోసమూ కాదు. మీకోసం.”

“వినపడలేదు, గట్టిగా చెప్పు,” అన్నాడు మాస్టారు.

మా వైపు మగా ఆడా మధ్య ‘మీరు’ పోయి ‘నువ్వు’ రావాలంటే ఆ మాట ముందు ఆడమనిషి నోటినుంచే రావాలి. మగవాడు ఎదురుచూడాల్సిందే.

బ్లాంకా మసిగుడ్డలు రెండూ తీసి నా చేతుల్లో పెట్టింది.

“ఇంకో విడత ఉంది,” అంది. “భయపడుతున్నావా?”

“చాలా.”

“మంచిది. జాగ్రత్తగా మోస్తావు.”