కోల్కెపాయా దారిలో రాళ్ళు

"బాంబు ఆనకట్ట దాకా చేరకూడదు." గూఢచార శాఖ చీఫ్ చెప్పిన ఆ మాట ఒక్కటే కెప్టెన్ బసిలియా తికోనా చెవిన పడింది. ఆ తర్వాత ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. బొలీవియా పీఠభూమిలో సిగ్నల్ ఎప్పుడు ఏడిచింది కనక!

కోల్కెపాయా ఆనకట్ట తెగితే పట్టణంతో పాటు చుట్టుపక్కల పల్లెలన్నీ కొట్టుకుపోతాయి. ఖాళీ అయిన నేలలో లిథియం తవ్వుకోవడానికి ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. బాంబు పాల లారీలో వస్తోందని ఆ ముఠాలో ఉంటూ తమకు పనిచేసే డబుల్ ఏజెంట్ ఇవాన్నా పొద్దున్నే కబురు పంపింది. బసిలియా ఉన్ని వ్యాపారి వేషంలో జీపులో బయలుదేరింది. ఏం లాభం? తోలా పల్లె వాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి ధర్నాకు కూర్చున్నారు.

"దొన్యా సబీనా, నన్నొక్కదాన్ని వదలండి," అని మళ్ళీ బతిమాలింది.

రాళ్ళ మధ్య కుర్చీ వేసుకున్న పల్లె పెద్ద, ముసలి సబీనా తలెత్తలేదు. "చెప్పాగా తల్లీ, చావుకీ పురుడుకీ తప్ప దారి లేదు. నీకేమైనా నెలలు నిండాయా?"

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. విసిగిపోయిన బసిలియా రహస్యాన్ని గాలికొదిలి గుర్తింపు కార్డు చూపించింది.

"గవర్నమెంటా? మా గొడవ మీతోనే. కూర్చో."

అప్పుడొచ్చింది శవపేటికతో ఒక వ్యాను. డ్రైవరు సీట్లో నల్ల ముసుగులో ఒక స్త్రీ. నవ్వులు ఆగాయి. సబీనా మగవాళ్ళని పిలిచింది. తోలా పొలిమేరలో శవం బండి మీద పోదు, పొరుగువాళ్ళ భుజాల మీద దాటుతుంది.

"వద్దు, తాకకండి. రాళ్ళు తీయండి చాలు," అంది ముసుగు స్త్రీ.

"మోస్తామంటే వద్దంటావేం? ఎవరి తాలూకు నువ్వు?"

ఈ పల్లెల్లో పొరుగువాడి భుజాన్ని కాదనే ఇల్లు లేదు. బసిలియా ఒక్క అంగలో వెళ్ళి ముసుగు లాగింది. ఇవాన్నా.

"పాల లారీ అన్నావు."

"నమ్మావుగా," అంటూ ఇవాన్నా ఉంగరంలో దాచిన మీట నొక్కి, వ్యాను దిగి పరుగు తీసింది. ఆడవాళ్ళు ఆమెను పావడా పట్టి కింద పడేశారు.

బసిలియా పేటిక మూత ఊడబెరికింది. ఎర్ర అంకెలు పరుగెడుతున్నాయి. నీలం తీగ తెంచింది. అంకె ఒకటి మీద ఆగింది.

కాసేపటికి ఇవాన్నా చేతులకు బేడీలు వేసి జీపెక్కించి, ఇంజను స్టార్ట్ చేసింది. "ఇప్పుడైనా దారివ్వండి దొన్యా. మీ ఆనకట్టని కాపాడాను."

"సంతోషం తల్లీ. అందులో నీళ్ళు మా తోలాకి ఎప్పుడొస్తాయో చెప్పు, రాళ్ళు తీసేస్తాం."

బసిలియా జీపు ఇంజను ఆపేసింది.