కరెంటు పోతేనే పాఠం

పొద్దున ఆరున్నరకు బాలకిషన్ రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి కూతురి కంప్యూటర్ బల్ల మీద పెట్టాడు. భార్య శైలజ పోయిన ఈ నాలుగేళ్లుగా పొద్దుటి చాయ్ ఆయన వంతే. మొదట్లో మరిచిపోయి మూడో గ్లాసు కూడా కడిగేవాడు. ఇప్పుడు చెయ్యి దానంతటదే ఆగిపోతోంది. జగిత్యాలలో ఆ ఉదయం ఎంత నిమ్మళంగా ఉందంటే, పక్కింటివాళ్లు తంగేడు పువ్వు మీద నీళ్లు చిలకరిస్తున్న చప్పుడు కూడా గోడ దాటి వస్తోంది. బతుకమ్మ దినాలు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పద్దెనిమిది రోజులు. బస్సులు లేవు. కోరుట్లలో ఆయన లెక్కలు చెప్పే బడికి తాళం.

"ఫోన్ ఏమన్న మోగిందా బాపూ?" తడి జుట్టు విదిల్చుకుంటూ అడిగింది ప్రవళిక.

"మీ అత్తమ్మ మిస్డ్ కాలేనా? రాలే. సిరిసిల్లల ఇంకా కరెంటున్నట్టుంది."

ఆ మిస్డ్ కాలే వాళ్ల బడిగంట. బాలకిషన్ చెల్లెలు సమ్మవ్వది సిరిసిల్ల. ఇంటి ముందరి గదిలో నాలుగు సాంచాలు. ఆ మరమగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. సమ్మెతో బొగ్గు బావులు ఆగి, కరెంటు గంటల తరబడి పోతోంది. కరెంటు పోతే సాంచాలు ఆగుతాయి. సమ్మవ్వ భర్త భూమన్న అరుగు మీద ఊరికే కూర్చుంటాడు. అప్పుడే వాళ్ల బిడ్డ కవిత, చిన్నాయన దుబాయి నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ ముందేసుకుంటుంది. దాని బ్యాటరీ ఉన్నంతసేపు, నెట్ కార్డు మీద వీడియో కాల్‌లో ఇక్కడ ప్రవళిక, అక్కడ కవిత, మధ్యలో లెక్కలు.

మార్చిలో కవిత పదో తరగతి తప్పింది, లెక్కల్లోనే. భూమన్న దసరా దాకా గడువు పెట్టాడు. దసరా నాటికి పిల్లకు లెక్కలు అబ్బుతున్నట్టు కనబడకపోతే పుస్తకాలు మూటగట్టి, మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి కూర్చోవాలి. దసరాకు ఇంక ఆరు రోజులే ఉన్నాయి.

చాయ్ తాగి బాలకిషన్ గడియారం టవర్ దగ్గరి సమ్మె టెంటుకు వెళ్లాడు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. తోటి మాస్టారు దేవయ్య పల్లీలు ఒలుస్తూ, అందరికీ వినబడేలా అన్నాడు.

"మన బళ్లన్నిటికి తాళాలు పడ్డయి గని, బాలకిషన్ సారింట్ల బడి మంచిగ నడుస్తున్నదట! సిరిసిల్ల దాంక ఇనవడుతదట పాఠం."

నలుగురు నవ్వారు. అందులో ద్వేషం లేదు. కానీ ఆ నవ్వు ఇంటి దాకా బాలకిషన్ వెంటే నడిచింది.

ఇంట్లో ప్రవళిక కంప్యూటర్ తుడుస్తోంది. ఆయన చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు.

"బిడ్డా, గా క్లాసు బంద్ చెయ్యి."

"ఎందుకు బాపూ?"

"బయట నేను సమ్మెల కూసుంట, ఇంట్ల నువ్వు పాఠం చెప్తవు. నలుగుట్ల నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

"నాకు నౌకరి ఉన్నదా సమ్మె చేసెతందుకు? బీఈడీ చేసి ఇంట్ల ఉన్న. ఒక్క పిల్లకు చెప్తున్న, గంతే గద."

"ఆ ఒక్క పిల్లకు గూడ ఎందుకు? దానికి లెక్కలు రావు. మే నెలల నేను స్వయంగ ఇదే కంప్యూటర్ల చెప్పి చూసిన, సెలవులల్ల. ఇర్వై ప్రశ్నలడిగితె ఒక్కటి సరిగ చెప్పలే. ఉత్తగ ఆశ పెట్టి ఆ పిల్లను ఏడిపియ్యకు."

ప్రవళిక చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

"గదే మాట నువ్వు మేల అత్తమ్మకు ఫోన్ల చెప్పినవు. నేనప్పుడు కరీంనగర్ హాస్టల్ల ఉన్న, నాకు తెల్వది. అత్తమ్మ స్పీకర్ పెట్టిందట బాపూ. కవిత పక్కనే కూసోని కండెలు చుడుతున్నదట."

బాలకిషన్ వంగి రెండో చెప్పు విడిచాడు.

"'మా మామకు అబద్ధం చెప్పుడు రాదు వదినే, నాకు లెక్కలు రావు' అన్నది నాతోని మొదటి దినం. వారం రోజులు పట్టింది, దానితోని నోరు తెరిపిచ్చుడు."

అప్పుడే ఫోన్ ఒకసారి మోగి ఆగింది. సిరిసిల్లలో కరెంటు పోయింది.

ప్రవళిక కుర్చీ వెనక్కి జరిపి పక్కకు నిలబడింది. "ఇయ్యాల నువ్వే చెప్పు. నిజంగనే రాకుంటే, రేపటి సంది నేను బంద్ చేస్త. ఒట్టు."

తెర మీద బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చి కలిసింది. నూలు పోగులు అంటిన జుట్టు, రెండు జడలు, బెదురు కళ్లు. మామను చూడగానే ఆ కళ్లు కిందికి వాలాయి. బాలకిషన్ గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన పద్ధతి ఒకటే. నోటి లెక్కలతో మొదలు, ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా. ఆయన క్లాసులో నిద్రపోయే పిల్లవాడు లేడని పేరు.

"పదిహేడు ఆర్లు?"

అవతల మౌనం.

"చెప్పాలె, చెప్పాలె! సరే, ఇర్వై నాలుగు నాలుగులు?"

"నూటరెండు, మామా."

"ఇర్వై నాలుగు నాలుగులు నూటరెండా!" ఆయన కూతురి వైపు చూశాడు, చూశావా అన్నట్టు. "పోనీ, పదమూడు పదిహేన్లు?"

"తొంభై ఆరు."

తప్పు అనబోయిన బాలకిషన్ నోరు సగంలో ఆగింది. తొంభై ఆరు. ఇరవై నాలుగు నాలుగులు. అంతకుముందు నూటరెండు. పదిహేడు ఆర్లు. ఆయన ఇంకేమీ అడగకుండా అలాగే ఉండిపోయాడు. కాసేపటికి, ఎక్కడో దూరపు గదిలోంచి నడిచి వచ్చినట్టు, చిన్న గొంతు వచ్చింది.

"నూట తొంభై అయిదు."

బాలకిషన్ లేచి అలమారలోంచి మే నెల నోటుబుక్కు తీశాడు. ఇరవై ప్రశ్నలు, పక్కన తాను విని రాసుకున్న జవాబులు, ఆ పక్కన ఇరవై ఎర్ర ఇంటూలు. వేలు పెట్టి ఒక్కో జవాబునూ పై ప్రశ్నతో కలుపుకుంటూ వచ్చాడు. మొదటిదాని ఎదురుగా ఖాళీ. రెండోదాని ఎదురుగా ఉన్నది మొదటిదాని జవాబు. మూడోదాని ఎదురుగా రెండోదానిది. చివరిదాకా అంతే. పంతొమ్మిది ప్రశ్నలకు పంతొమ్మిదీ సరైనవే. ఇరవయ్యోదాని జవాబు మాత్రం ఎక్కడా లేదు. అది వచ్చేలోపే ఆయన కంప్యూటర్ ఆపేసి లేచిపోయి ఉంటాడు.

"ఇక్కడి మాట అక్కడికి పోయి, అక్కడిది ఇక్కడికి వచ్చేసరికి ఆలస్యమైతది బాపూ," మెల్లగా అంది ప్రవళిక. "నీకు ఎరుకనే అనుకున్న నేను."

ఆయన ఆ ఎర్ర గీతల వైపే చూస్తున్నాడు. ఇక్కడంటే తీగలదీ గాలిదీ తప్పు. మరి కోరుట్లలో, ఎదురుగా రెండు గజాల దూరంలో కూర్చున్న పిల్లలకు? వెనక బెంచీల్లో పెదవులు కదిలీ కదలకముందే 'కూసో' అనిపించుకున్న మొహాలు, పేర్లు గుర్తురానివి, ఒక్కొక్కటే ఆయన ముందు లేచి నిలబడ్డాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు తుడిచినా మసక పోలేదు.

ప్రవళిక వంటింట్లోంచి చాయ్ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. కూతురు పాఠం చెప్పేటప్పుడు ప్రశ్న ప్రశ్నకూ ఒక గుటక తాగడం ఆయన చాలాసార్లు చూశాడు. పాఠం మధ్యలో ఈ చాయ్ ఏమిటని మనసులో విసుక్కున్నాడు కూడా. ఇప్పుడు అర్థమైంది. ఆ గుటక ప్రవళిక తన నోటికి తాను వేసుకున్న గొళ్లెం.

"కవితా," అన్నాడు. "మేల నేను ఆఖరుకు అడిగిన ప్రశ్న యాదికున్నదా? ఆరు వందల ఇర్వై అయిదుకు వర్గమూలం."

ఒక గుటక తాగాడు. ఆ వ్యవధిలో సిరిసిల్ల ఇల్లు ఆయన చెవిలోకి వచ్చింది. ఎవరో బావిలో చేద వేస్తున్నారు. కోడి ఒకటి గొణుగుతోంది. భూమన్న దగ్గు.

"ఇర్వై అయిదు. అప్పుడు గూడ చెప్పిన మామా. నువ్వు లేచి పోయినవు."

బాలకిషన్ ఇంకో గుటక తాగాడు. ఈసారి పిల్ల కోసం కాదు, తన గొంతు కోసం.

"నిన్న పని ఇచ్చిన గద పిల్లా, చూపియ్యి," అంది ప్రవళిక, తండ్రి భుజం మీదుగా వంగి. తెర మీదికి ఇత్తడి తాంబాళం వచ్చింది. అందులో తంగేడు, గునుగు వరుసలు వరుసలుగా పేర్చిన బతుకమ్మ. "కింది వరుసల నలభై నాలుగు పూలు. ఒక్కో వరుస పైకి పోతుంటే నాలుగు నాలుగు తగ్గాలె. పది వరుసలు. అడుగు బాపూ."

"మొత్తం ఎన్ని పూలు బిడ్డా?"

ఆయన తాగాడు, ఆగాడు. కవిత పెదవులు కదులుతున్నాయి. వేళ్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి నడుస్తున్నాయి. ఆగడంలో ఇంత చూడొచ్చని ఆయనకు తెలియదు.

"ఆఖరు వరుసల ఎనిమిది. అడుగుది, మీదిది కలిపితె యాభై రెండు. గసొంటి జంటలు అయిదు. రెండు వందల అరవై."

"భూమన్నా, ఇనవడుతున్నదా?" బాలకిషన్ గొంతు పెంచాడు. "మేల నేను చెప్పిన మాట తప్పు. పిల్లకు లెక్కలు వస్తయి. నాకే ఆగుడు రాలే."

అవతలినుంచి మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆ ఆలస్యం తీగలది కాదని ఆయనకు తెలుసు.

"నువ్వు చెప్పినవని బిడ్డను ఎన్ని మాటలన్ననో బావా..." అని భూమన్న ఇంకేదో అనబోతుండగానే, ఒక్కసారిగా నాలుగు సాంచాలూ మోత అందుకున్నాయి. కరెంటు వచ్చింది. మాట మునిగిపోయింది. తెర మీద సమ్మవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఏదో అంటోంది. ఏమీ వినబడలేదు.

"రేపు టెంటు కాడ దేవయ్య సారు మళ్ల అంటడేమో బాపూ," అంది ప్రవళిక.

"అననియ్యి. నేను గూడ ఒక మాట చెప్త, నోటుబుక్కు చూపిచ్చుకుంట."

అప్పుడు తెర అంచున అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కవిత తెలుగు.

'పుస్తకాలు మూటగట్టొద్దన్నడు నాయిన. మామా, రేపు కరెంటు పోతె నువ్వు చెప్తవా, వదినె చెప్తదా?'

బాలకిషన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. టైపు చేయడం ఆయనకు అలవాటు లేదు. ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాడు. 'నేనే' అని కొట్టేసరికే చాయ్ చల్లారింది. ప్రవళిక సాయం చేయబోతే వద్దని తల ఊపాడు.

సిరిసిల్లలో, నాలుగు సాంచాల మోత మధ్య, రెండు జడల పిల్ల తెరకేసి చూస్తూ మామ జవాబు కోసం ఆగి ఉంది.