మోరికాడి పిలుపు

కట్టంగూర్ దాటినంక తుమ్మచెట్ల నడుమ పాత సడక్ ముక్క ఒకటుంది. పొద్దుగూకిందంటే దాని మీద కుక్క గూడ నడవదు.

ఒకప్పుడు పట్నం నుంచి బెజవాడ పోవాలంటే అదే తొవ్వ. నిజాం జమానల వేసింది. నాలుగు లైన్ల రోడ్డు పడ్డప్పుడు వంకరలన్నీ తీసి చక్కగ చేసిన్రు... గీ వంకర ముక్క తెగిపోయి అట్లనే మిగిలింది. డాంబరు లేచిపోయింది. ఉర్దూ అచ్చరాల మైలురాయి మెడదాక మట్టిల కూరుకుంది. నడుమ వాన నీళ్లు పారేటందుకు రాతి కమానుతోని కట్టిన మోరి ఉంది. దాని పిట్టగోడ రాళ్లను జనం ఇండ్ల పునాదులకు ఎత్తుకపోయిన్రు. ఇప్పుడు రెండు దిక్కుల ఒట్టి గుంతనే.

ఆ సడక్ నడిచే రోజుల్ల, మోరి కింద ఒక లారీ క్లీనర్ పడి చచ్చిపోయిండట. రాత్రంత పిలిచిండట — ఒక్క బండి ఆగలేదట. అప్పటిసంది పోయేటోళ్లను పిలుస్తడని చెప్తరు. మనకు ఎరుకున్న గొంతుతోని... పేరు పెట్టి. పలికినోడు ఇల్లు చేరడని చెప్తరు.

విజేందర్‌ది ఆ పక్క ఊరే. హైవే మీది పెట్రోల్ బంకుల పని. కొత్త రోడ్డు మీద ఇంటికి రావాల్నంటే ఎక్కడనో దూరం పోయి మళ్లాలె. అందుకని పాత సడక్ పట్టుకోని వస్తుండె. వాళ్ల బాపు పెద్దులు రోడ్డు గ్యాంగుల పనిచేసినోడు, ఆ సడక్‌కు ఏండ్ల తరబడి గుంతలు పూడ్చినోడు. దెయ్యమంటే నవ్వుతుండె. "నేను సున్నమేసిన మోరి. నన్నేం జేస్తది?"

తల్లి బిక్షమ్మ మాత్రం కొడుకుతోని ఒట్టేయించుకుంది. "ఎవ్వలు పిలిచినా పలుకకు బిడ్డా. ఎన్కకు గూడ చూడకు."

ఆ దినం పొద్దటిసంది ముసురు. చీకటి పడ్డంక విజేందర్ బంకు నుంచి బయలెల్లిండు. పాత సడక్ ఎక్కిండు. బండి లైటుల సన్న తుంపర తప్ప ఏం కనవడ్తలేదు. మోరి దగ్గర రాళ్లు లేచి ఉంటయని బండి నిమ్మలం చేసిండు.

"ఇజేందరూ..."

గాలేమో అనుకున్నడు.

"బిడ్డా... జర ఆగు..."

బాపు గొంతు. అచ్చం బాపు గొంతే — కాకపోతే నేలలకెల్లి వస్తున్నట్టుంది. బండి ఆపిండు. ఒక కాలు కింద పెట్టిండు. బాపు ఇంటికాడుంటడు. ఈ యాళ్లకు బువ్వ తింటుంటడు. మరి ఇదెవరు? ఎరుకున్న గొంతుతోనే పిలుస్తదంటరు... పేరు పెట్టే పిలుస్తదంటరు...

మూడోసారి మాట రాలేదు. ఒట్టి మూలుగు.

విజేందర్ ఎక్సలేటర్ తిప్పిండు. ఊళ్లె దీపాలు కనవడేదాక ఎన్కకు చూడలే.

భార్య మెర్సీ తలుపు తీసింది. మొగని మొకం చూసి బెదిరింది.

"ఏమైందయ్యా?"

"బాపేడి?"

"పొద్దుమూకంగ టీవీఎస్ బండి ఏసుకోని మీ మేనత్త ఇంటికి పోయిండు. ముసురున్నది, ఆడనే పంటనన్నడు."

విజేందర్ జేబులకెల్లి సెల్లు తీసిండు. ఫోన్ కొట్టిండు. స్విచ్చాఫ్. పెద్దులు ఫోను చార్జింగు ఎన్నడూ ఉండదు. మేనత్తకు ఫోనే లేదు.

టార్చిలైటు పట్టుకున్నడు. "మోరికాడ... బాపు గొంతు ఇనవడ్డది. పోయి చూసొస్త."

బిక్షమ్మ లేసొచ్చి గడపల నిలబడ్డది. రెండు చేతులు చాచి ద్వారం పట్టుకున్నది.

"పిలిచినదాని దగ్గరికి మల్ల పోతవా? మీ నాయిన మేనత్త ఇంట్ల సల్లగ పన్నడు. నువ్వు పోతివంటే నేను నీ మొకం చూడను... తెల్లారనీయి."

"అమ్మా, నిజంగ బాపైతే?"

"బాపైతే మోరి కిందేం పని? జర నా మాటిను."

విజేందర్ నిలబడ్డడు. తల్లిని పక్కకు జరపడం పెద్ద పనేం కాదు. కానీ ఆ గొంతు చెవుల్ల ఇంక మోగుతనే ఉన్నది... వానికీ భయమే. టార్చిలైటు గూట్లె పెట్టిండు.

తెల్లారకముందే పోయిండు. ఊరు లేసేసరికి వాని కేక ఇనవడ్డది.

మోరి కింద రాళ్లల్ల పెద్దులు వెల్లకిల పడి ఉన్నడు. పక్కన టీవీఎస్. మేనత్త ఇంటికి తాళమున్నదట, పాత సడక్ మీదనే ఎన్కకు మళ్లిండట. ఊరి పెద్ద పరశురాములు కిందికి దిగి చూసి, తల అడ్డం ఊపిండు. "పడంగనే పానం పోయినట్టుంది. పడ్డకాడికెల్లి కదలనే లేదు."

"మరి రాత్రి పోరణ్ని పిలిచిందెవరు?" రాత్రి సంగతి బిక్షమ్మ నోట ఇన్నోళ్లెవరో గుసగుసగ అన్నరు.

పరశురాములు మోరి దిక్కు చూసుకుంట గట్టెక్కిండు.

మట్టి చేసొచ్చినంక బిక్షమ్మ కొడుకు చెయ్యి పట్టుకున్నది. విడవలేదు. "అది దెయ్యమే గద బిడ్డా? నేను ఆపింది మంచిదే అయింది గద?"

"దెయ్యమేనమ్మా," అన్నడు విజేందర్. "నువ్వాపకుంటే నేను గూడ పోతుంటి."

ఆమె కండ్లు మూసుకున్నది. ఆ రాత్రి పన్నది. వాడు మాత్రం ఆ రాత్రిసంది సరిగ పంటలేడు. ఇప్పటికీ అంతే.

ఆ దినం పొద్దుగాల ఏం జరిగిందో మెర్సీకి ఒక్కదానికే చెప్పిండు.

వాడు పోయేసరికి పెద్దులు మోరి కింద లేడు. సడక్ అంచున బోర్ల పడి ఉన్నడు, ఒక చెయ్యి డాంబరు మీదికి చాచి. గుంతల నుంచి పైదాక బురదల పాకిన జాడ ఉన్నది. ఇరిగిన కాలుకు, మోకాలి పైన, నెత్తురు ఆగేటట్టు తువ్వాల గట్టిగ బిగించుకున్నడు.

ఒంట్ల ఇంక కొంచెం ఏడి ఉండె.

విజేందర్ ఆ ముడిని పండ్లతోని విప్పిండు. తువ్వాలను అంగి లోపల దాచుకున్నడు. బాపును రెండు చేతుల మీద ఎత్తుకోని మల్ల మోరి కిందికి దిగిండు. పడ్డకాడనే పండవెట్టిండు. పైకొచ్చి, పాకిన జాడనంత కాలితోని చెరిపిండు.

అప్పుడు కేక పెట్టిండు.