ఖాళీ మెట్ల వీడియో

ప్రింటింగ్ ప్రెస్సు వెనక సందులో చివరి మేడకు పాడుపేరు తెచ్చిపెట్టింది ఆ ఇంటి గదులు కావు… మెట్లు.

ఒకప్పుడు అది పళ్ళ డాక్టరు ఇల్లు. కింద వైద్యం, పైన కాపురం. డాక్టరు పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ తాళంలోనే ఉంది. హాల్లోంచి పన్నెండు మెట్లు ఎక్కితే ఒక మలుపు, ఆ మలుపులో సందువైపు ఒక చిన్న కిటికీ. అక్కడినుంచి మరో పది మెట్లు ఎక్కితే పై గదులు. చీకటి పడ్డాక ఆ మలుపులో ఎవరో నిలబడి ఉంటారనీ, ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ గోడకు ఒదిగి దారి ఇస్తారనీ చెప్పుకునేవారు.

అంతే. మీద పడరు, అరవరు. దారి ఇస్తారు.

తీగలు మార్చడానికి వెళ్ళిన ఎలక్ట్రీషియను ఒకసారి పొద్దుగూకాక దిగివస్తూ, పక్కకు తప్పుకున్న మనిషికి అలవాటుకొద్దీ "థాంక్సండీ" అన్నాడట. మరో నాలుగు మెట్లు దిగాకగాని, ఆ ఇంట్లో తను తప్ప ఎవరూ లేరన్న సంగతి అతనికి తట్టలేదు. పనిముట్ల సంచీ అక్కడే వదిలేసి వచ్చాడు. ఇప్పటికీ తెచ్చుకోలేదు.

ఆ మెట్ల దగ్గరికి ఒక రాత్రి ఒంటరిగా వెళ్ళవలసి వచ్చిన ఫొటోగ్రాఫర్ కథ ఇది.

పని తెచ్చింది ఇళ్ళ బ్రోకరు. మధ్యాహ్నంపూట స్టూడియోలోకి వచ్చి, కుర్చీలో కూలబడి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇల్లు కొనేవాళ్ళు దొరికారు అన్నగారూ. అన్నీ నచ్చాయి. కానీ ఎవడో పుణ్యాత్ముడు వాళ్ళ అత్తగారి చెవిలో ఈ మెట్ల కథ ఊదాడు. ఆవిడ ససేమిరా అంటోంది."

"నేనేం చెయ్యాలి?"

"రాత్రిపూట ఆ మెట్లను వీడియో తియ్యండి. లైట్లు పెట్టకుండా, ముక్కలు కొయ్యకుండా. ఖాళీ మెట్లు ఖాళీగా కనపడితే చాలు."

"దెయ్యం లేదని వీడియో తియ్యాలన్నమాట."

"ఉందని తీసేవాళ్ళు కోకొల్లలు. లేదని తీసేవాళ్ళే దొరకడం లేదు." బ్రోకరు నవ్వాడు, తర్వాత అనుమానంగా చూశాడు. "అంత చీకట్లో పడుతుందా?"

"ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఒకటుంది. లోపల సెన్సారు పెద్దది, పాత ఫిల్ము రీలులో ఒక్కో బొమ్మ ఎంత ఉండేదో అంత. మీ కంటికి కనపడనిది కూడా దానికి కనపడుతుంది."

"అయ్యయ్యో! నాకు కనపడనిది దానికి కనపడితే ఇల్లు ఎలా అమ్ముడుపోతుందండీ?"

ఫొటోగ్రాఫర్ కూడా నవ్వాడు. బ్రోకరు వెళ్ళిపోయాక ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ కెమెరా ఆయనది కాదు.

అది ఆయన భార్యది. పెళ్ళిళ్ళలో ఆయన ఫొటోలు తీసేవాడు, ఆమె వీడియో తీసేది. ఆయన దగ్గరున్న పాత కెమెరాకు వెలుతురు తగ్గితే చాలు, బొమ్మంతా ఇసుక చల్లినట్టయ్యేది. ఆమె మాత్రం ఏరికోరి ఈ కెమెరాను తెప్పించుకుంది. చేతి వణుకును తనలోనే అణచుకునే కెమెరా. స్టాండు లేకుండా జనం మధ్య నడుస్తూ తీసినా బొమ్మ అదిరేది కాదు. ఎదుటి మనిషి కన్నును పట్టుకుని, ఆ మనిషి ఎటు తిరిగితే అటు వెంబడించేది. ఆమె పోయిన ఈ రెండేళ్ళూ అది తేమ చేరని గాజు పెట్టెలో ఉంది. నెలకొకసారి ఆయన దాని బ్యాటరీ తీసి చార్జి పెట్టి, మళ్ళీ దానిలోనే అమర్చేవాడు. ఆన్ చేసేవాడు కాదు.

వీడియో తీసే మనిషి నోరు మెదపకూడదు. మైకు చేతికింద ఉంటుంది. చిన్న దగ్గు కూడా పెళ్ళివారి మాటల మీద పడుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ నియమం తప్పలేదు. అందుకని వాళ్ళింట్లోని వీడియోలనిండా ఎవరెవరివో నవ్వులూ ఏడుపులూ ఉన్నాయి గాని, ఆమె గొంతు ఒక్కచోటా లేదు. ఫోనులో కూడా రెండు ముక్కలు టైపు చేసి పంపేదే తప్ప మాట పంపేది కాదు.

మొదటి ఏడాది అదేమీ లోటనిపించలేదు. ఆమె గొంతు చెవిలోనే ఉండేది. తర్వాత తర్వాత ఆమె అన్న మాటలు మిగిలాయి… వాటి చప్పుడు పోయింది.

నెల క్రితం ఉండబట్టలేక మరదలికి ఫోను చేశాడు.

"మీ అక్క గొంతు ఎలా ఉండేదమ్మా?"

"అదేం ప్రశ్న బావా! నా గొంతులాగే ఉండేది. ఫోనులో మా అమ్మే పొరబడేదిగా."

"ఏదీ, ఆమెలాగా ఒకసారి పిలువు."

"నేను మిమ్మల్ని 'ఏమండీ' అంటే మా ఆయన వింటాడు. కొంప మునుగుతుంది." నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి మెల్లగా పిలిచింది. "ఏమండీ…"

అది మరదలి గొంతే.

"సరేలేమ్మా. భోజనం చేశావా?" అని అడిగి పెట్టేశాడు.

పని ఒప్పుకున్న రోజు రాత్రి పదిగంటలకు బ్రోకరు మేడ తాళం తీసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, గడప అవతలే ఆగిపోయాడు.

"నేను సందు మొదట్లో కారులో ఉంటానండీ. నాకు దుమ్ము పడదు."

హాల్లో మందుల వాసన ఇంకా పోలేదు. గోడవారగా కాళ్ళు విరిగిన కుర్చీ ఒకటి. మెట్ల మలుపు దగ్గర కిటికీలోంచి సందుదీపం వెలుగు పొడిలా రాలుతోంది. ఆయన స్టాండు మీద కెమెరా బిగించి, మెట్లకు ఎదురుగా నిలిపాడు. కొత్త కార్డు ఒకటి మొదటి అరలో వేశాడు. తక్కిన అమరికలేవీ ముట్టుకోలేదు; అవన్నీ ఆమె వేళ్ళు పెట్టినవి. కెమెరా తెర వెలుగు మెట్ల కమ్మీ మీద పడి మెరుస్తుంటే, ఆ తెరను లోపలివైపుకు తిప్పి మడిచేశాడు. ఇక చూడాలంటే వ్యూఫైండరుకు కన్ను ఆనించాల్సిందే.

ఆనించాడు.

చీకట్లో కంటికి అందని మెట్లు అందులో ఒక్కొక్కటిగా పైకి తేలాయి. కమ్మీ మీద దుమ్ము, నాలుగో మెట్టు అంచున పగులు, మలుపులో గోడ… అన్నీ. రికార్డు నొక్కాడు.

పది నిమిషాలు. ఇరవై నిమిషాలు.

అప్పుడు — మలుపులో ఒక చిన్న తెల్లని చదరం వెలిగింది.

అది కెమెరా గీసే గడి. మనిషి ముఖం దొరికిందని చెప్పడానికి గీసేది. మెట్ల మలుపులో, గోడకు ఆనుకుని, మనిషంత ఎత్తున… వణుకుతూ నిలబడింది.

ఆయన కన్ను తియ్యలేదు. గోడమీద చెమ్మ మరక ఉండవచ్చు. కర్టెన్ల మడతల్లో, గోడ గడియారాల్లో ముఖాలను వెతుక్కునే కెమెరాలను ఎన్ని చూడలేదు! అనుకున్నాడు. గడి మెల్లగా పక్కకు జరిగింది. గోడకు ఇంకా దగ్గరగా. తర్వాత ఆరిపోయింది.

దారి ఇచ్చినట్టు.

ఆయన వెళ్ళిపోయి ఉండేవాడేమో. కాని మలుపులోంచి కిందికి కూడా ఒక ముక్క తియ్యమని బ్రోకరు మరీమరీ చెప్పాడు. రికార్డు ఆపి, స్టాండును కెమెరాతో సహా భుజానికెత్తుకుని, కెమెరా వీపువైపు వేలాడుతుండగా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఒకటి… రెండు… అడుగు వేసినప్పుడల్లా కెమెరా భుజానికి తగిలి ఒత్తుకుంటోంది. తొమ్మిది… పది…

"ఆగండి."

సరిగ్గా చెవి వెనక. ఆడగొంతు. గుసగుసగా.

పదకొండో మెట్టు మీద పెట్టబోయిన కాలు ఆయన వెనక్కి తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగండి… అలా ఒక్కరే ముందు వెళ్ళిపోతారేమిటి?"

భుజంమీది స్టాండు జారి మెట్లకు కొట్టుకుంది. ఆయన కమ్మీ పట్టుకుని దిగాడో, దొర్లాడో తర్వాత ఆయనకే తెలియలేదు. హాలు దాటి, గడప దాటి, గేటు బయట గోడను పట్టుకుని నిలబడేదాకా వెనక్కి చూడలేదు. సందు మొదట్లో బ్రోకరు కారు అద్దాలెత్తుకుని నిద్రపోతోంది.

గుండె నెమ్మదించేసరికి చేతులు ఖాళీగా ఉన్నాయని తెలిసింది.

తన కెమెరా అయితే వదిలేసేవాడు. ఎలక్ట్రీషియను సంచీ పక్కనే దాన్నీ పడి ఉండనిచ్చేవాడు. కాని అది ఆమెది… చీకట్లో, మెట్ల మీద, ఒంటరిగా పడి ఉంది.

ఫోను దీపం వెలిగించుకుని మళ్ళీ గడప తొక్కాడు.

లోపల ఆడగొంతు మాట్లాడుతూనే ఉంది. ఆయన గోడకు అతుక్కుపోయాడు.

"…ఆ లెన్సు ఇటివ్వండి. మీ సంచీ బరువు తగ్గుతుంది."

దానికి మగగొంతు ఒకటి జవాబు చెప్పింది. అంటే ఒకరు కాదు… ఇద్దరు.

"నీకెందుకు? భుజం నొప్పన్నావుగా."

"భుజం నాది, నొప్పి నాది. మధ్యలో మీకేమిటి బాధ? ఇవ్వండి."

మగమనిషి నవ్వాడు.

ఆ నవ్వును ఆయన ఎక్కడో విన్నాడు. బాగా తెలిసిన నవ్వు, కాని విని చాలా కాలమైన నవ్వు. ఎవరిదా అని అంత భయంలోనూ వెతికాడు. దొరికింది. ఆయనదే.

తన గొంతును పోల్చుకున్నాకగాని, దాని పక్కన ఉన్న గొంతు ఎవరిదో ఆయనకు తెలియలేదు.

మెట్ల మీద కూలబడి, బోర్లా పడివున్న కెమెరాను ఒడిలోకి తీసుకుని, మడిచిన తెరను విప్పాడు. తెరమీద గచ్చు కదులుతోంది. గచ్చు మీద రెండు పాదాలు, ఆమె చెప్పులు. చేతిలో వేలాడే కెమెరాకు కనపడేది అంతే.

రికార్డు బటన్ ఒకటే ఉంటుంది. ఒకసారి నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. హడావుడిలో ఒక్క నొక్కు ఎక్కువైందా, ఇక అంతా తలకిందులే: తీస్తున్నామనుకున్నప్పుడు ఆగి ఉంటుంది, ఆపి చేయి దించగానే మొదలవుతుంది. ఆ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకనాడు జరిగేదే. ఎవరూ ఒప్పుకోరు.

రెండో అరలో ఆమె కార్డు అలాగే ఉండిపోయింది. ఉందన్న సంగతి ఆయన చూసుకోలేదు. ప్లే బటన్ నొక్కితే ఆ అరలోదే మొదలయ్యేలా ఆమె ఏనాడో పెట్టుకుంది. మెట్లెక్కుతుంటే ఆ బటనే భుజానికి ఒత్తుకుంది. తెర మూలన తేదీ కనపడుతోంది. అది వాళ్ళిద్దరూ కలిసి చేసిన చివరి పెళ్ళి. కార్డు పాడైంది, ఏమీ పడలేదు అని ఆమె తలవంచుకుని చెప్పిన పెళ్ళి. "ఇన్నేళ్ళ పనికి ఇదా?" అని ఆయన అందరి ఎదుటా కసిరిన పెళ్ళి. ఆమె మారు మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు నెలలకే పోయింది.

రెండేళ్ళుగా వెతుక్కుంటున్న గొంతు చెవి పక్కనే పలికింది. ఆయన పోల్చుకోలేదు. పారిపోయాడు.

ఆయన ఆ మెట్టు మీదే కూర్చుని మొత్తం విన్నాడు. ఆమె ఎవరో పిల్లను పేరడిగింది. మంచినీళ్ళు ఎక్కడని ఒకావిడ అడిగితే దారి చెప్పింది. "మీ చొక్కా గుండీ ఊడింది, ఇటు తిరగండి," అంది. అసలు పెళ్ళి ఒక్క క్షణమైనా అందులో లేదు. మధ్యమధ్య విరామాలే ఉన్నాయి, అన్నిట్లోనూ ఆమె ఉంది. చివరికి, పెళ్ళి ముగిశాక, తెరమీద గచ్చు ఆగిపోయింది.

"ఏమండీ… ఈ ఎర్ర దీపమేమిటి, ఇప్పుడు వెలుగుతోంది?" ఆ రోజు ఆ పిలుపు ఆయనకు వినపడలేదు, అప్పటికే ముందు వెళ్ళిపోయాడు. "అయ్యో! అంటే ఇందాకటినుంచీ మనం మాట్లాడుకున్నదంతా —"

తెగిపోయింది.

అంటే ఆమెకు తెలుసు. కార్డు బాగానే ఉందనీ తెలుసు, అందులో ఏముందో కూడా తెలుసు. దీన్ని తుడిచేసి ఉంటే ఆ పొరపాటు ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. తిట్లు తిన్నది గాని… తుడవలేదు.

జేబులో ఫోను మోగింది. బ్రోకరు.

"అన్నగారూ, ఏమిటింతసేపు? అక్కడ ఎవరైనా… ఉన్నారా?"

ఆయన ఒడిలోని కెమెరాను దగ్గరకు తీసుకున్నాడు.

"మీరు ఇంటికి వెళ్ళండి," అన్నాడు. "నాకింకా పని ఉంది."

ఫోను దీపం ఆర్పేశాడు. చీకట్లో వేలితో తడుముకుని, వీడియోను మొదటికి తిప్పాడు.

"ఆగండి," అందామె.

ఆయన ఆగాడు.