నాలుగో జ్వరం

కొండవీడు ఘాట్ రోడ్డు మలుపులో కారు అద్దం భళ్లున పగిలింది. ఒక్కటే బుల్లెట్. స్టీరింగ్ మీదికి ఒరిగిన డాక్టర్ సుమంత్ మళ్లీ తల ఎత్తలేదు. వెనక సీట్లో ఉండాల్సిన ఐస్ బాక్స్ మాయమైంది.

ఆ సాయంత్రమే నరసరావుపేట కోర్టు వెనక ఓ జిరాక్స్ షాపు షట్టర్ దిగింది. లోపలి గదిలో చీఫ్ బాలసరస్వతి, ఎదురుగా ఏజెంట్ శౌరి.

"పోయినవి పట్టుపురుగు గుడ్లు," అంది చీఫ్.

శౌరికి నవ్వొచ్చింది. "పురుగుల కోసం మర్డరా మేడమ్?"

"పల్నాడు ఎండకు మామూలు పురుగు మాడి చస్తుంది. సుమంత్ తయారుచేసిన రకం తట్టుకుంటుంది. ఆ గుడ్లు ఇప్పుడు ఆర్కిడ్ చేతిలో ఉన్నాయి. విదేశీ ముఠా. మనకు మిగిలింది ఒకే ఒక్క బ్యాచ్. రాజుపాలెం దగ్గర హనుమాయమ్మ అనే రైతు షెడ్డులో పెరుగుతోంది. అదీ చచ్చిందో, మన విత్తనం మనమే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి."

శౌరి నవ్వు ఆగిపోయింది.

"నువ్వక్కడ కూలివి. మన మనిషి ఒకరొచ్చి, 'ఈ ఏడు పత్తి ఎట్టుంది?' అని అడుగుతారు. 'దూది తెలుపే, రైతు మొహమే నలుపు' అని చెప్పు. ఇదిగో పెన్ను. నొక్కితే గ్యాస్. ఏనుగైనా పడాల్సిందే."

మరునాటి నుంచి శౌరి లుంగీ బిగించి మల్బరీ ఆకు కోశాడు. కమాండో ట్రైనింగే నయమనిపించింది.

"నిన్ను కన్నోళ్లు ఏం పని నేర్పార్రా అబ్బాయ్?" అని హనుమాయమ్మ రోజూ దులిపేది. "అగరొత్తి వాసన తగిలినా పురుగు రాలిపోద్ది. బీడీ గీడీ ముట్టించావో, కాళ్లిరగ్గొడతా!"

పెన్ను జేబులో ఉండి ఏం లాభం? గ్యాస్ వదిలితే శత్రువుకన్నా ముందు పురుగులే పోతాయి.

ఓ మిట్టమధ్యాహ్నం హనుమాయమ్మ తోటలో ఉండగా షెడ్డు ముందు కారాగింది. నల్ల కళ్లద్దాలు, నీలం చీర, చూపు తిప్పుకోనివ్వని అందం. కళ్లద్దాలు తీసి నవ్వింది.

"నా పేరు లహరి. ఈ ఏడు పత్తి ఎట్టుంది?"

శౌరి జవాబు చెప్పాడు. ఆమె ఫ్లాస్కులోంచి చల్లటి మజ్జిగ పోసిచ్చింది. ఎవరేమిచ్చినా తాగొద్దన్నది గూఢచారి నేర్చుకునే మొదటి పాఠం. ఆ ఎండలో మొదటి పాఠం ఎవడికి గుర్తుంటుంది? గటగటా తాగేశాడు.

కళ్లు తెరిచేసరికి చేతులు షెడ్డులో గుంజకు కట్టేసి ఉన్నాయి. పురుగులు పెంచే మంచాల నిండా తాజా మల్బరీ కొమ్మలు పరిచి ఉన్నాయి. వాటి కింద పురుగులు కదలడం లేదు.

"ఆకు నిండా విషమే. నమిలితే చాలు," అంది లహరి. "మన చీఫ్ ఇచ్చే జీతం, ఆర్కిడ్ ఇచ్చే జీతం... వాళ్లదే ఎక్కువ శౌరీ. చూడు, ఒక్కటీ కదలట్లేదు." ఫోన్ తీసింది. "ఆపరేషన్ ఓవర్."

సుమంత్ ప్రాణం పోసి పెంచినదంతా శౌరి ఒక్క గ్లాసు మజ్జిగకు బలిచ్చాడు! అంతలో మళ్లీ చూశాడు. చచ్చిన పురుగు వాలిపోతుంది. ఇవి తలలు పైకెత్తి బిగుసుకుని ఉన్నాయి.

నాలుగో జ్వరం! పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. రైతులు దాన్ని జ్వరమంటారు. అది దిగేదాకా పురుగు మెదలదు, మేత ముట్టదు. ఒక్కటీ చావలేదు. కానీ మూల మంచం మీద ఒకటి అప్పుడే పాత చర్మంలోంచి బయటికి జారుతోంది. లేచిందంటే ఆవురావురుమని విషాన్నే కొరుకుతుంది.

ఈ మనిషి వెళ్లాలి. వెంటనే వెళ్లాలి.

"గెలిచావు, పో," అన్నాడు ఓడినవాడిలా తల వేలాడేసి.

లహరి బ్యాగు భుజానికి తగిలించుకుంది. అప్పుడే గుమ్మంలో హనుమాయమ్మ గావుకేక పెట్టింది.

"ఓరి నాయనో! జ్వరంలో ఉన్న పురుగు మీద మేతేసిందెవర్రా? అయ్యింకా లేవనే లేదు గందా!"

లహరి గిర్రున తిరిగింది. "లేవలేదా? అంటే బతికే ఉన్నాయా?"

ఒక చేతిలో పిస్టల్ హనుమాయమ్మ వైపు లేచింది. రెండో చేతిలోకి పురుగుమందు స్ప్రే డబ్బా వచ్చింది. మూత ఊడింది.

శౌరి కాలి దగ్గర సున్నం పొడి బేసిన్ ఉంది. పడక పొడిగా ఉండాలని జ్వరంలో పురుగుల మీద చల్లేదే. దాంతో వాటికేమీ కాదు. బలంకొద్దీ తన్నాడు. తెల్లటి దుమ్ము లహరి కళ్లలో పడింది. పిస్టల్ పేలి పైకప్పు రేకుకు చిల్లుపడింది. హనుమాయమ్మ ఆమె జుట్టు దొరకబుచ్చుకుని నేలకేసి అదిమింది.

"ఏమే, నా పురుగులేం చేశాయే నిన్ను? నా పిల్లల్లాంటియ్యి గదే!"

ఆకు మోపు కట్టే తాడుతోనే లహరిని కట్టేసింది. శౌరి కట్లు కొడవలితో తెగాయి.

"అత్తా, కొమ్మలు తీసెయ్! ఆకులో విషముంది!"

"మెల్లిగారా! గుంజితే పురుగు చినిగిపోద్ది!"

ఊపిరి బిగబట్టి కొమ్మ తర్వాత కొమ్మ లేపారు. తొందరపడటానికి లేదు. మూల మంచం మీద కొత్త చర్మంతో తేలిన పురుగు ఆకు అంచుకు నోరు చేర్చింది. హనుమాయమ్మ ఆ ఆకును చటుక్కున లాగేసింది. పురుగు ఖాళీగా తల ఆడించింది.

శౌరి గోడకు జారగిలబడ్డాడు. ఫోన్ మోగింది.

"మన ఏజెంట్ల ఫోన్లన్నీ వింటూనే ఉంటాం. లహరి కాల్ ట్రేస్ చేశాం," అంది చీఫ్. "పిడుగురాళ్ల దగ్గర ముఠా మొత్తం దొరికింది, ఐస్ బాక్స్‌తో సహా. ఢిల్లీ వాళ్లు లైన్లో ఉన్నారు. నీకు మెడల్ ఇస్తారట."

"ఎవరితోరా ఆ సోది?" హనుమాయమ్మ అరిచింది. "పురుగులు లేత్తన్నయ్. పోయి మంచి ఆకు కోసుకురా, పో!"

శౌరి కొడవలి అందుకున్నాడు.

"ఢిల్లీని కాసేపు ఆగమనండి మేడమ్. ఇక్కడ నా పై ఆఫీసర్ పిలుస్తోంది."