నడుం మీద అరచెయ్యి

తొమ్మిది సెకన్లు.

బటన్ నొక్కి పట్టుకుంటే, కుర్చీ వీపులో దాగి ఉన్న బుల్లి మోటారు గుర్రుమని తిరుగుతుంది. నడుం దగ్గరి మెత్తను మెల్లగా ముందుకు తోస్తుంది. ఆ మెత్త పూర్తిగా బయటికి రావడానికి పట్టే సమయం తొమ్మిది సెకన్లు. లోరిస్ పెత్రూస్సా ఎనిమిది సెకన్ల దాకా నవ్వుతూనే ఉన్నాడు. తొమ్మిదో సెకనులో తోలును చీల్చుకుని అగ్గిపుల్లంత సూది అతని నడుంలో దిగింది.

1984 ఏప్రిల్ 12, ట్రియెస్తె రేవు. పైకి ఓడల టికెట్ల ఆఫీసు, లోపల ఇటలీ రహస్య విభాగం. రెండు కాఫీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఏజెంట్ ఎల్వియో పాస్సోన్ ఇదంతా కళ్ళారా చూశాడు. అసలు ఆ కుర్చీ ఎల్వియోది. అతని నడుం నొప్పి చూడలేక ఆఫీసు వాళ్ళు తెప్పించింది. ఆ ఉదయమే వచ్చింది. ఇంకా ఎవరూ కూర్చోలేదు.

"ఇవాళ నడుం నాది, కాళ్ళు నీవి. పోరా, కాఫీ పట్రా!" అని తోటి ఏజెంట్ లోరిస్ నవ్వుతూ అతన్ని పక్కకు నెట్టి కూర్చున్నాడు.

ఎల్వియో వెళ్ళాడు. తన చావును స్నేహితుడికి అప్పగించి కాఫీకి వెళ్ళాడు. ఆ మాట అతన్ని మూడున్నరేళ్ళుగా కాల్చుకు తింటోంది.

అది చాలదన్నట్టు, అరచెయ్యి ఒకటి. తలుపు దాటాల్సి వచ్చినప్పుడల్లా లోరిస్ అతని నడుం మీద అరచెయ్యి ఆనించి ముందుకు తోసేవాడు. "ముందు నువ్వే పో. లోపల తుపాకీ ఉంటే నీ అంత పొడుగోడికే తగుల్తుంది" అనేవాడు. మనిషి పోయాడు గానీ ఆ చెయ్యి పోలేదు. ట్రామ్‌లో, చర్చిలో, మంగలి షాపులో, ఉన్నట్టుండి నడుం దగ్గర వెచ్చగా ఆనేది. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. డాక్టరు దాన్ని నరాల బలహీనత అన్నాడు. ఎల్వియో కాదనలేదు, కానీ మందులు కూడా మింగలేదు.

1987 అక్టోబరు. ఉదినె పట్నంలో పొద్దున్న ఏడింటికి ఫోన్ మోగింది.

"నడుం ఎలా ఉంది?"

"వాన పడేలా ఉంది."

అది కోడ్. ఎల్వియో విషయంలో నిజం కూడా. అవతలి గొంతు అతని పై అధికారి కల్నల్ జులియానిది.

అరగంటలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"హంగేరీ నుంచి ప్రొఫెసర్ హైనల్ దాటి వచ్చేశాడు" అన్నాడు కల్నల్. "డెబ్బై నాలుగేళ్ళు. డాన్యూబ్ గూఢచారి ముఠాకి మన దేశంలో ఎవరెవరు పనిచేస్తున్నారో మొత్తం లిస్టు ఆయన బుర్రలో ఉంది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఇవాళ పదకొండింటికి జడ్జి ముందు టేప్ రికార్డర్లో చెబుతాడు. మంజానో పక్కన, ద్రాక్షతోటల్లో ఉన్న విల్లాలో."

"నాతో ఏం పని?"

"ఆయన ఒకే ఒక్కటి అడిగాడు. నడుముకి మోటారున్న కుర్చీ. అది లేకపోతే ఐదు నిమిషాలు కూడా కూర్చోలేడట. కుర్చీలకి పేరున్న ఊరు కదా, మంజానోలోనే ఆర్డరిచ్చాం. ఒకటి ఆయనకి, ఒకటి జడ్జికి. ఆకుపచ్చ తోలు, బ్యాటరీతో నడిచేవి. రాత్రి కబురొచ్చింది. రెండిట్లో ఒకదాన్ని దారిలో మార్చేశారు. ట్రియెస్తె కుర్చీకి తోబుట్టువు అది."

ఎల్వియో చెవుల్లో ఎక్కడో మోటారు గుర్రుమంది.

"ఎక్స్‌రే?"

"తీశాం. స్ప్రింగులు, మోటారు, శీలలు. ఇనుములో ఇనుమేం కనబడుతుంది?"

"రెండూ తీసి పారేయండి. ముసలాయన్ని పడుకోబెట్టి చెప్పించండి."

"తీసేస్తే మనకి తెలిసిపోయిందని ముఠాకి తెలుస్తుంది. కబురు పంపిన మనిషి ప్రాణం పోతుంది. మిరెల్లా కార్నెర్."

ఆ పేరు ఎల్వియోకి తెలుసు. వెనిస్ మనిషి. పెద్ద పెద్దవాళ్ళ నడుములు పట్టి సరిచేసే ఫిజియోథెరపిస్టు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి చీర కుచ్చెళ్ళు తడవకుండా నడిచే రకం అని చెప్పాలి గానీ, ఆవిడ వేసుకునేది పారిస్ సిల్కు గౌన్లు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోంది. కల్నల్ తన మనిషి అనుకుంటున్నాడు.

"రెండిట్లో ఏదో ఆమె చెబుతుంది. నువ్వు దాన్ని రిపేరు పేరుతో పక్కగదిలోకి తీసుకెళ్ళి విప్పు. సోఫా పనివాడి కొడుకువి కదా."

నిజమే. ఎల్వియో, లోరిస్ ఇద్దరూ మంజానోలో ఎల్వియో తండ్రి దగ్గర ఒకే బల్ల మీద పని నేర్చుకున్నవాళ్ళు. నోటినిండా శీలలు పోసుకుని, నాలుకతో ఒక్కోదాన్ని పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం సుత్తితో అందుకుని కొట్టడం వాళ్ళకి తొమ్మిదేళ్ళకే వచ్చు.

పదింటికి విల్లా ముందు ఒక డొక్కు వ్యాను ఆగింది. గళ్ళ చొక్కా, జిగురు మరకల ఏప్రాన్, చెవిమీద వడ్రంగి పెన్సిలు, అతికించిన మీసం. గుర్తింపు కార్డు మీద పేరు తోని సబోత్. గేటు దగ్గర గార్డు అతన్ని ఎగాదిగా చూసి గ్లాసెడు తెల్ల వైన్ అందించాడు. మంజానోలో పనివాడికి పదింటికి అది ఇవ్వకపోతే తప్పు, తాగకపోతే అనుమానం. ఎల్వియో గటగటా తాగేశాడు.

హాల్లో రెండు కుర్చీలు. ఒకటి కిటికీ పక్కన, ఒకటి పొయ్యి పక్కన. కవల పిల్లల్లా ఉన్నాయి. వాటిని చూడగానే ఎల్వియోకి భయం వేసింది. అది చావు భయం కాదు, ఆ ఆకుపచ్చ తోలు మీద లోరిస్ నవ్వుతూ కనిపిస్తాడేమోనన్న భయం.

"ఏమయ్యా మేస్త్రీ, ఇంత ఆలస్యమా?" మిరెల్లా గట్టిగా అంది. దగ్గరికి వచ్చి కుర్చీ మీద దుమ్ము దులుపుతున్నట్టు వంగి గొంతు తగ్గించింది. "కిటికీ పక్కది."

"ఖాయమేనా?"

"నా ప్రాణం మీద ఒట్టు."

ఆమె కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. లోరిస్ చనిపోయినప్పుడు సమాధి దగ్గర నల్ల ముసుగు వేసుకుని నిలబడ్డది ఈవిడే. ఎల్వియో నమ్మాడు.

కిటికీ కుర్చీని పక్కగదిలోకి మోయించి తలుపు వేసుకున్నాడు. బోర్లా తిప్పి, వీపు తోలు శీలలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. తొందరపడితే సూది తనకే దిగుతుంది. పది. ఇరవై. ముప్ఫై. చెమటకి అతికించిన మీసం ఊడి చెక్క మీద పడింది. తలుపవతల మాటలు వినిపించాయి. ప్రొఫెసర్ పావుగంట ముందే వచ్చేశాడు. "నడుం విరిగిపోతోందమ్మా, ఎక్కడో ఒకచోట కూలేయండి" అంటున్నాడు. "ఇలా రండి నాన్నగారూ, పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుంది" అంటోంది మిరెల్లా.

ఆఖరి శీల వచ్చింది. తోలు తొలగించి టార్చ్ వేశాడు.

మంజానో పనివాళ్ళకి ఒక ఆచారం ఉంది. కుర్చీ వీపు మూసే ముందు, లోపలి అడ్డచెక్క మీద పెన్సిలుతో పేరు, తేదీ, ఆ రోజు ఎండో వానో, కూర్చోబోయేది ఎవరో తెలిస్తే అది కూడా రాస్తారు. యజమానికి తెలియదు, కొన్నవాడు చూడడు. ఎన్నేళ్ళకో తోలు మార్చడానికి విప్పే ఇంకో పనివాడే దాన్ని చదువుతాడు. "పేరు రాయకుండా మూస్తే అది కుర్చీ కాదురా, పెట్టె" అని ఎల్వియో తండ్రి ఇద్దరు కుర్రాళ్ళ నెత్తినా మొట్టి మరీ నేర్పాడు.

టార్చ్ వెలుగులో గుండ్రటి అక్షరాలు కనిపించాయి.

'ఒనోరినా. అక్టోబరు 3. వాన. నడుం నొప్పి పెద్దాయనకి. సుఖంగా కూర్చో తాతా.'

ఒనోరినా అతని తండ్రి దగ్గర పనిచేసిన ముసలావిడ. రాసి వారం కూడా కాలేదు. ఎల్వియో వేలితో చెక్క అంచు తడిమాడు. శీలల బెజ్జాలు ఒక్కటే వరస. ఒకసారి విప్పి మళ్ళీ మూసిన కుర్చీకి రెండు వరసలుంటాయి. అంటే దీన్ని ఒనోరినా మూశాక ఇంకెవరూ ముట్టలేదు. ఇందులో సూది లేదు. మంచి కుర్చీని తప్పించి, ముసలాయనకి చావు కుర్చీ ఒక్కటే మిగిల్చింది మిరెల్లా.

వెనిస్ మనిషికి అన్నీ తెలుసు, కుర్చీ కడుపులో రాత ఉంటుందన్న సంగతి తప్ప.

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి మోటారు గుర్రుమంది.

ఒకటి.

లేవబోయాడు. వంగి వంగి బిగుసుకుపోయిన నడుం కలుక్కుమంది. మోకాళ్ళ మీద పడ్డాడు. రెండు. మూడు. అరవబోతే నోరు పలకలేదు. అలవాటుగా నోట్లో వేసుకున్న శీలలు! నాలుగు.

అప్పుడు నడుం మీద అరచెయ్యి ఆనింది.

ఎప్పటిలాగా ఆని ఊరుకోలేదు, బలంగా తోసింది. ఎల్వియో ఎలా లేచాడో, తలుపు ఎలా తెరుచుకుందో తర్వాత రిపోర్టులో రాయలేకపోయాడు. ఆరు. శీలలు తుపుక్కున ఉమ్మేశాడు. జడ్జి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ముసలాయన కళ్ళు మూసుకుని, తీగ చివరి బటన్ మీద బొటనవేలు నొక్కిపెట్టి, హాయిగా మూలుగుతున్నాడు. ఏడు. మిరెల్లా అడ్డం వచ్చింది. భుజంతో గుద్ది ఆమెను పడేశాడు. ఎనిమిది. ప్రొఫెసర్ కోటు కాలర్ రెండు చేతులా పట్టి ముందుకు లాగాడు. ఇద్దరూ కలిసి తివాచీ మీద దొర్లారు. బటన్ ఇంకా ముసలాయన పిడికిట్లో నొక్కుకునే ఉంది.

తొమ్మిది.

ఆకుపచ్చ తోలులోంచి సూది బయటికొచ్చింది. దాని మొనమీంచి పసుపురంగు చుక్క ఒకటి జారి సీటు మీద పడింది.

కింద నుంచి ప్రొఫెసర్ నీరసంగా అన్నాడు. "నడుం నొప్పికి మీ దేశంలో ఇదా నాయనా వైద్యం?"

మిరెల్లా లేచి తలుపు వైపు పరుగెత్తింది. గుమ్మంలో కల్నల్ పిస్తోలుతో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికమ్మా? లిస్టులో మొదటి పేరు నీదే అయ్యుంటుంది, విని వెళ్ళు."

ఆమె చెయ్యెత్తలేదు, ఏడవలేదు. సంకెళ్ళు వేయించుకుని, ఎల్వియో ఆ పొయ్యి పక్క కుర్చీ విప్పుతుంటే చూస్తూ కూర్చుంది. అతను ఎందుకు విప్పుతున్నాడో అతనికే తెలియదు. ట్రియెస్తె కుర్చీని రోమ్‌లో ల్యాబ్ వాళ్ళు రంపంతో కోసి కాల్చేశారు. దాని లోపల ఏముందో అతను చూడలేదు. ఇది దాని తోబుట్టువు.

తోలు తొలగింది. అడ్డచెక్క మీద ఎడమచేతి వాటం అక్షరాలు, వెనక్కి వాలినవి. అతనికి ఆ అక్షరాలు తొమ్మిదేళ్ళ వయసు నుంచీ తెలుసు.

'లోరిస్. 1984 ఏప్రిల్ 2. ఎండ. ఎల్వియోకి.'

టార్చ్ చేతిలోంచి జారిపోయింది. చావు కుర్చీ చేసేవాడు ఎవడైనా అందులో పేరు రాసుకుంటాడా? మంజానోవాడైతే రాస్తాడు. రాయకుండా చెయ్యి ఊరుకోదు.

"రెండూ వాడే చేశాడా?" ఎల్వియో మిరెల్లా వైపు తిరిగాడు. "నన్ను చంపడానికా?"

"వాడి చెల్లెలు సరిహద్దు అవతల ముఠా చేతుల్లో ఉంది" అంది మిరెల్లా. "ఒకటి ట్రియెస్తెకి, అది తప్పితే ఇంకోటి ఉదినెకి. చేసివ్వమన్నారు, చేసిచ్చాడు."

"మరి వాడెందుకు కూర్చున్నాడు?"

"నీకు చెబితే చెల్లెలు చస్తుంది. చెప్పకపోతే నువ్వు చస్తావు. పొరపాటున వాడే కూర్చున్నట్టు కనబడితే, ఎవరూ ఎవర్నీ ఏమనరు." ఆమె ఆ అక్షరాల మీదికి వంగింది. "ఏం అతితెలివిరా వాడిది! నీకోసం చచ్చాడు. నాకోసం బతకమంటే బతకలేదు."

"చెల్లెలు?"

"బతికే ఉంది. ఇద్దరు పిల్లలు."

ఎల్వియోకి ముందు ఒళ్ళు మండిపోయింది. నా పేరు రాసి నాకే చావు కుట్టాడా అనుకున్నాడు. ఆ వెంటనే గుమ్మంలో కాఫీ కప్పులతో తను నిలబడ్డ క్షణం గుర్తొచ్చింది. ఎనిమిది సెకన్లు నవ్విన మొహం. బటన్ మీంచి వేలు తీసేస్తే చాలు, మోటారు ఆగిపోయేది. వాడు తీయలేదు. తెలిసే తీయలేదు. జడ్జి, గార్డు, కల్నల్ అందరూ చూస్తుండగా ఎల్వియో ఆ చెక్కకి నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ కుర్చీని అతను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. సూది, విషం ప్రభుత్వం ఉంచుకుంది. మూసే ముందు లోరిస్ రాతను చెరపలేదు. దాని కింద ఇంకో వరస రాశాడు. 'మూసింది ఎల్వియో. వాన. లోరిస్‌కి.' రెండో వరస బెజ్జాల్లో శీలలు కొట్టాడు.

ఏడాది తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం కల్నల్ భోజనానికి వచ్చాడు. తిని, నడుం పట్టుకుని, ఆకుపచ్చ కుర్చీ వైపు కదిలాడు.

"అందులో కాదు సార్. ఇలా రండి." ఎల్వియో చెక్క స్టూలు జరిపాడు.

"ఏం, అది ఖాళీగానే ఉందిగా?"

అప్పుడే కుర్చీ వీపులో మోటారు గుర్రుమంది. మెత్త మెల్లగా ముందుకొచ్చింది. తొమ్మిది సెకన్లు. ఆగింది.

కల్నల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏమిటయ్యా అది?"

"వైరింగ్ లోపం సార్" అన్నాడు ఎల్వియో, కాఫీ పోస్తూ. బ్యాటరీ పీకేసి ఏడాదైందని చెప్పి పెద్దమనిషికి తిన్నది అరగకుండా చెయ్యడం ఎందుకని ఊరుకున్నాడు.