కషాయం మానని రోగి

"మింగు. ఉమ్మేస్తే ఇంకో లోటాడు పోస్తా," అంది జరీనా.

ఖాజావలి మింగాడు. పాతికేళ్ల మగాడు కషాయానికి కళ్లనీళ్లు పెట్టుకోవడం ఉదయగిరి బజారంతా చూసింది.

అతను చెక్క చెంచాలు చెక్కేవాడు. నాయన పోయినప్పట్నించీ గుండె దడ, నిద్ర లేదు, ఉలి పడితే చెయ్యి వణుకు. ఆత్మకూరు డాక్టరిచ్చిన మాత్ర వేసుకుని బస్సెక్కితే, ఊరు దాటిపోయాక సీతారాంపురంలో కండక్టరు లేపాడు. దాంతో జరీనా నాయన వహాబ్ హకీం నడిపే మూలికల కొట్టుకి వచ్చాడు.

"పొద్దున్నే దుర్గం మొదటి గేటు దాకా ఎక్కి దిగు. సరస్వతాకు కషాయం తాగు. ఆనక మా అమ్మకాడ కూర్చోని మీ నాయన సంగతులు చెప్పు. దిగులు లోపలే పెట్టుకుంటే ఏ ఆకూ పనిచెయ్యదు," అన్నాడు హకీం.

ఆ అమ్మ, కరీంబీ అవ్వకి చెవుడు. పక్కనే కల్వంలో మందు నూరే జరీనాకి మాత్రం చెవులు దివ్యంగా పనిచేస్తాయి.

"మీ నాయన కొట్టేవాడా?" అంది జరీనా నూరుతూనే.

"చెంచా వంకరపోతే కొట్టేవాడు."

"ఏడ్చేవాడివా?"

"అప్పుడు లేదు. ఇప్పుడు ఏడుస్తా ఉండా."

జరీనా కళ్లు తుడుచుకుని, మిరియాల ఘాటు అంది. కల్వంలో ఉన్నది సోంపు.

బక్రీద్ నాటికి దడ తగ్గింది. నిద్ర పట్టింది. చెయ్యి నిలిచింది. ఖాజావలి ఎవరికీ చెప్పలేదు. తగ్గిందంటే ఏ మొహం పెట్టుకుని రావాలి?

"ఎట్టుండాది?" అని హకీం అడిగితే, "అట్నే ఉండాది," అనేవాడు. హకీం పాళ్లు పెంచాడు. కషాయం నల్లబడింది. ప్రేమ తీపి అన్నవాళ్లెవరూ ఉదయగిరి వచ్చినట్టు లేదు.

ఇంతలో, ఖాజావలికి ఇన్నాళ్లయినా తగ్గలేదంటే వహాబ్ మందులో పస పోయిందని మాట పుట్టింది. సీతారాంపురం రోగులు ఇక్కడ దిగకుండా నేరుగా ఆత్మకూరు పోతున్నారు. హకీం అన్నం సగంలోనే లేచిపోతున్నాడు.

ఖాజావలికి ఇవేవీ తెలియవు. ఒక వానపూట జరీనాకి చెంచా తెచ్చిచ్చాడు. పిడి నిండా జల్లెడలాంటి సన్నటి జాలీ పని.

"ఎవరు చేసినారు?"

"నేనే," అన్నాడు గర్వంగా.

"వణికే చేత్తోనా?"

ఖాజావలి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"తగ్గి ఎన్నాళ్లయింది?"

"బక్రీద్ కాడ్నించి."

"మా నాయన తన వైద్యమే పోయిందని అన్నం మానేసినాడు. మనిషివేనా నువ్వు?"

"తగ్గిందంటే నువ్వు కనపడవు గదా."

జరీనా మొహం ఎర్రబడింది. కోపం మాత్రం తగ్గలేదు. "పోయి అందరి ముందరా చెప్పు."

మర్నాడు సంత. కొట్టు ముందర జనం.

"హకీం సాబ్, నాకెప్పుడో తగ్గింది. మీ మందు మంచిదే, అబద్ధం నాది!" అని అరిచాడు ఖాజావలి. అవ్వక్కూడా వినపడింది.

హకీం చాలాసేపు నాడి చూశాడు. "తగ్గింది. రేపట్నించి రాబాక."

ఖాజావలి తలొంచుకుని మెట్లు దిగాడు.

"వహాబూ, నాకు చెవుడే గానీ కళ్లు బాగానే ఉండాయి రా. ముందు నీ బిడ్డ నాడి చూడు," అంది అవ్వ.

జరీనా వంచిన తల ఎత్తకుండా కొత్త చెంచాతో కషాయం కలుపుతోంది.

"నీకెట్టుండాదే?" అన్నాడు హకీం.

"గుండె దడగా ఉండాది నాయనా."

హకీం గడ్డం నిమురుకున్నాడు. "దీనికి నాకాడ ఆకు లేదు. ఒరే ఖాజావలీ, శుక్రవారం మీ అమ్మను పిలుచుకోని రా."

ఖాజావలి గబగబా మెట్లెక్కి, ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా అక్కడున్న లోటా ఎత్తి తాగేశాడు. అది వేరే రోగిది. విరేచనాలయ్యే మందు.